కళింగపట్నం వర్క్‌షాప్‌కి ముందే ట్రాకర్ కొనాలా?

విజయనగరం నుంచి మీరు అడిగింది ఇదీ: కెనాన్ 1500డి, 18-55 కిట్ లెన్స్, 50 ఎంఎం ఎఫ్/1.8 ఉన్నాయి. మార్చి అమావాస్య వారాంతంలో కళింగపట్నం తీరాన ఆస్ట్రోఫొటోగ్రఫీ వర్క్‌షాప్ ఉంది. దానికి ముందే ట్రాకర్ (చుక్కల కదలికతో పాటు కెమెరాని మెల్లగా తిప్పే పరికరం) కొనుక్కోవాలా అని.

వద్దండి. అక్కడ ఎవరో ఒకరు ట్రాకర్ తెస్తారు, దాన్ని ధ్రువ నక్షత్రానికి ఎలా గురిపెడతారో పక్కన కూర్చుని చూడండి. మన అక్షాంశం 18 డిగ్రీలు కాబట్టి ధ్రువుడు కూడా ఉత్తరాన అంతే ఎత్తులో, చెట్ల కొసల మధ్య, సముద్రపు తేమలో మసగ్గా కనిపిస్తాడు. యూరప్ వాళ్ల వీడియోల్లో ఈ ఇబ్బంది కనబడదు. ట్రాకర్‌ని అంత కిందికి వంచినప్పుడు కౌంటర్‌వెయిట్ (కెమెరా బరువుకి సరితూగే దిమ్మ) దాదాపు నిలువుగా వేలాడి ట్రైపాడ్ కాలికి తగులుతుంది. అందుకే ఉత్తరం వైపు కాలు కాకుండా రెండు కాళ్ల మధ్య సందు వచ్చేలా నిలబెట్టాలి. ఇసుకలో అయితే ఒక్కో కాలి కింద ప్లైవుడ్ ముక్క వేయండి, లేకపోతే గురిపెట్టాక కూడా కుంగుతూనే ఉంటుంది.

ట్రాకర్ లేకుండా 18 ఎంఎం దగ్గర 10 సెకన్లు, 50 దగ్గర 4 సెకన్లు పెట్టండి. అందరూ చెప్పే 500 సూత్రం (500ని లెన్స్ ఎంఎంతో, మన చిన్న సెన్సర్‌కి మళ్లీ 1.6తో భాగించడం) ప్రకారం లెక్కేస్తే 17, 6 వస్తాయి గానీ 24 మెగాపిక్సెల్ సెన్సర్ మీద ఆ చుక్కలు సాగినట్టు తెలిసిపోతాయి. ఐఎస్‌ఓ 1600. 50ని ఎఫ్/1.8లో పెడితే మూలల్లో చుక్కలకు రెక్కలొస్తాయి, 2.2 లేదా 2.8కి దించండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి, లేకపోతే ప్రతి ఫొటో తర్వాత అంతసేపూ డార్క్ (నాయిస్ తీసేయడానికి వెలుగు పడకుండా తీసే నల్ల ఫొటో) కూడా తీస్తూ సగం రాత్రి మింగేస్తుంది.

ఇంట్లోనే నేర్చుకుని వెళ్లాల్సిన పని ఫోకస్. కిట్ లెన్స్ మీద ఇన్ఫినిటీ గుర్తు ఉండదు, రింగు వదులుగా తిరుగుతుంది. లెన్స్‌ని ఎంఎఫ్‌లో (చేత్తో ఫోకస్) పెట్టి, ఐఎస్ (వణుకు తగ్గించే స్విచ్) ఆపి, లైవ్ వ్యూలో 10 రెట్లు పెంచి లుబ్ధకం (సిరియస్) మీద పెట్టండి. రింగు వెంట్రుకవాసి తిప్పుతుంటే చుక్క ఉబ్బుతుంది, చిక్కుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. బాగా చిక్కిన చోట చుట్టూ అంతకు ముందు లేని సన్న చుక్కలు బయటపడతాయి. 50తో అయితే చుక్క అంచు రంగు కూడా అటు నుంచి ఇటు మారుతుంది. ఒకసారి దాటించి వెనక్కి వచ్చి, మందుల షాపులో దొరికే పేపర్ టేపు అంటించండి. జూమ్ కదిలిస్తే ఫోకస్ పోయినట్టే, గంటకోసారి సరిచూడండి.

ఏసీ గదిలోంచి కెమెరా తిన్నగా బీచ్‌కి తీసుకెళ్తే మన తేమకి లెన్స్ క్షణంలో మబ్బేస్తుంది. బ్యాగు జిప్ తీయకుండా అరగంట బయట ఉంచండి. తెల్లవారుజామున మంచు వేరే సంగతి: లెన్స్ ముందు అంచుకి యూఎస్‌బీ హీటర్ పట్టీ చుట్టాలి. కరెంటు తక్కువ లాగితే కొన్ని పవర్‌బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి, ఇంట్లో మూడు గంటలు పరీక్షించి తీసుకెళ్లండి. ఉప్పు గాలి తగిలిన అద్దాన్ని గుడ్డతో తుడవొద్దు, ముందు బ్లోయర్.

మార్చి మధ్యలో అయితే ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పడమటన ఓరియన్ మీద 50తో తీయండి: తర్వాత ఒక్క ఫొటోగా కలపడానికి 4 సెకన్లవి 300, పావుగంటకోసారి మళ్లీ మధ్యకి తెచ్చుకోవాలి. పాలపుంత నడుమ భాగం రాత్రి ఒంటిగంట ప్రాంతంలో ఆగ్నేయాన సముద్రం మీద లేస్తుంది. దానికి 3 నుంచి 4:45 దాకా మంచి సమయం, ఆ తర్వాత వెలుగు వచ్చేస్తుంది. లైట్‌హౌస్ కాంతి ఫ్రేములో పడని చోటు పగలే చూసి పెట్టుకోండి. సెల్‌ఫోన్ టార్చి మాత్రం వేయకండి, పదిమంది ఫ్రేములు ఒక్కసారే పోతాయి.

తీయడం అయ్యాక మూత పెట్టి అదే ఐఎస్‌ఓ, అదే సెకన్లతో 30 డార్కులు. ఇంటికొచ్చాక తీస్తే సెన్సర్ వేడి తేడా వస్తుంది. ఫ్లాట్లకి (లెన్స్ మూలల చీకటి, దుమ్ము మచ్చలు సరిచేసే ఫొటోలు) తెల్లారాక తెల్ల బనియన్ రెండు మడతలు లెన్స్ మీద బిగించి, ఫోకస్ ముట్టుకోకుండా, ఎఫ్ నంబరు మార్చకుండా ఏవీ మోడ్‌లో (సెకన్లు కెమెరాయే చూసుకుంటుంది) ఆకాశం వైపు 20 తీయండి.

డబ్బు కట్టే ముందు నిర్వాహకుల్ని రెండు అడగండి: ఆదివారం ప్రాసెసింగ్ చేయిస్తారా, మబ్బు పడితే ఏం చేస్తారు? మొదటిదానికి లేదంటే నేనైతే వెళ్లను. ఉందంటే సిరిల్ (ఫ్రేములు కలిపే ఉచిత సాఫ్ట్‌వేర్) ముందే ఇన్‌స్టాల్ చేసుకుని, ల్యాప్‌టాప్‌లో వంద జీబీ ఖాళీ చేయండి. 1500డి ఫ్రేము రంగులు విడగొట్టి 32 బిట్లలో పెడితే ఒక్కోటి సుమారు 290 ఎంబీ, చుక్కల్ని కలిపేటప్పుడు ఇంకో కాపీ తయారవుతుంది. అందుకే అక్కడ 100 ఫ్రేములతోనే మొదలుపెట్టండి, మిగతా 200 ఇంటికెళ్లి కలుపుకోవచ్చు.