మీరు క్షమించాల్సిన మనిషి మీ వదిన కాదు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక కథోలిక విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి పరిధి). నాకు 54 ఏళ్లు. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే ఊళ్లో. నాన్న పోయాక అన్నయ్య అడిగితే ఇల్లూ పొలమూ అతని పేరు మీదే ఉండేలా సంతకం పెట్టాను. ‘పెట్టమ్మా, నీ పుట్టిల్లు ఎక్కడికి పోతుంది, నేనున్నంతవరకు ఈ గుమ్మం నీదే’ అన్నాడు. తర్వాత అమ్మ కూడా పోయింది. రెండేళ్ల కిందట అమ్మ ఏడాది పూజ రోజు భోజనాల దగ్గర మా వదిన అందరి ముందూ ‘ఇంకా ఏం మిగిలిందని వస్తావు’ అంది. అన్నయ్య పక్కనే ఉన్నాడు. అమ్మ మంచాన పడ్డ మూడేళ్లూ వదినే చూసింది, అది నేను కాదనను. కానీ ఆ మాట మరిచిపోలేను. అన్నయ్య మంచివాడే, ఆమె మాట దాటలేడు. ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలం మొదలైందంటే ఆమెను క్షమించాలని తీర్మానం చేసుకుంటాను. శుక్రవారాలు ఉపవాసం ఉంటాను, సిలువ మార్గం ప్రార్థన ఒక్కటీ మానను. అయినా ఆమె కనబడితే ఒళ్లు మండుతుంది. చర్చి పూజలో పక్కవాళ్లకి ‘సమాధానం’ (శాంతి) చెప్పుకునేటప్పుడు పక్కకి తిరిగిపోతాను. ఇప్పుడు ఫాదర్ గారు పవిత్ర గురువారం (గుడ్ ఫ్రైడే ముందు రోజు) నాడు, యేసు శిష్యుల కాళ్లు కడిగిన గుర్తుగా తను కాళ్లు కడగబోయే పన్నెండు మందిలో నా పేరూ వదిన పేరూ పక్కపక్కనే రాశారు. మమ్మల్ని కలపాలని ఆయన ఉద్దేశం. నాకు ఒకటే టెన్షన్. పేరు తీయించుకోనా? ఇంత కోపం పెట్టుకుని చేసే ఉపవాసం వృథాయేనా? ఈస్టర్ తర్వాత మా అమ్మాయి పెళ్లి కూడా ఉంది.

జవాబు: పేరు తీయించుకోకండి. వెళ్లి కూర్చోండి. ఆ రోజు కాళ్లు కడిగేది ఫాదర్ గారు. మీరు చేయాల్సిందల్లా కాలు ముందుకు చాపడమే. 2016లో పోప్ ఫ్రాన్సిస్ నియమం మార్చేదాకా ఆ వరసలో మగవాళ్లకే చోటు. ఇన్నాళ్లకి ఆడవాళ్లదాకా వచ్చిన కుర్చీని వదిన మీద కోపంతో ఖాళీ చేస్తారా? ఇక ఉపవాసం మాట. శ్రీసభ (కథోలిక సంఘం) మీ వయసు వాళ్లకి తప్పనిసరి చేసింది తపస్సు కాలం మొదలయ్యే విభూతి బుధవారం, గుడ్ ఫ్రైడే, ఈ రెండు రోజులే. మీరు అన్ని శుక్రవారాలూ ఉంటున్నారు. శుక్రవారం మాంసం ముట్టం అంటూనే కొరమీను పులుసుతో రెండుసార్లు వడ్డించుకునేవాళ్లు మన విచారణల్లో ఎంతమంది లేరు! వాళ్లకంటే మీరు ఎంతో నయం. వృథానా కాదా అనే లెక్క దేవుడికి వదిలేయండి.

మీ అసలు సంగతి వేరే ఉంది. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వదిన గురించి అన్ని మాటలు రాశారు. అన్నయ్య గురించి రాసింది ఒకటే: మంచివాడే, ఆమె మాట దాటలేడు. ఈ మాట నేను ఎన్ని ఇళ్లలో విన్నానో చెప్పలేను, ఎక్కడా నమ్మలేదు. పొలం కాగితాల మీద మీ సంతకం కావాల్సి వచ్చినప్పుడు ఆయన ఎవరి మాటా దాటకుండా కూర్చోలేదు. తనే నడిచి వచ్చి, తన నోటితోనే మిమ్మల్ని అడిగాడు. అడగడానికి ఉన్న నోరు రెండేళ్ల కిందట భోజనాల దగ్గర ఏమైంది?

ఆ రోజు ఏం జరిగిందో ఒక్కసారి నిదానంగా చూడండి. మీరు పొలం వదులుకున్నది ఊరికే కాదు. ‘ఈ గుమ్మం నీదే’ అన్న మాటకి బదులుగా వదులుకున్నారు. ఆ మాట ఇచ్చింది మీ అన్నయ్య. మీ వదిన ఇవ్వలేదు. బహుశా ఆ మాట ఇచ్చినట్టు ఆమెకి తెలిసి కూడా ఉండదు. ఆమె నోరు జారింది, అది తప్పే. కానీ మీకు మాట ఇచ్చిన మనిషి పక్కనే ఉండి, ‘అది దాని ఇల్లు, అలా అనకు’ అనలేదు. మీ కడుపు మండింది అక్కడ. అన్నయ్య మీద కోపం తెచ్చుకుంటే పుట్టింట్లో ఇంకెవరూ మిగలరనే భయంతో ఆ కోపమంతా వదిన మీదకి తోశారు. బయటి నుంచి వచ్చిన పిల్ల కదా, తిట్టుకోవడానికి సుళువు. మన ఇళ్లలో కొడుకులు చేసిన తప్పులకి కోడళ్లు మాట పడటం కొత్తేమీ కాదు.

ఎన్ని తపస్సు కాలాలు గడిచినా ఆమెను క్షమించడం మీ వల్ల కాకపోవడానికి కారణం ఇదే. తప్పు ఒకరిది, మీరు క్షమించాలని చూస్తున్నది ఇంకొకరిని. అలాంటి క్షమాపణ ఎన్ని శుక్రవారాలు పస్తులున్నా కుదరదు.

క్షమించడం అనగానే అందరూ ‘డెబ్బై ఏళ్ల మార్లు’, అంటే డెబ్బై ఏడుల సార్లు క్షమించమనే వాక్యం చదువుతారు. అది మత్తయి సువార్త 18వ అధ్యాయంలో 22వ వచనం. అదే అధ్యాయంలో అంతకు ముందు 15వ వచనం ఉంది, దాన్ని ప్రసంగాల్లో తక్కువగా వింటాం. నీ సోదరుడు నీకు అపరాధం చేస్తే, వెళ్లి, మీరిద్దరే ఉన్నప్పుడు అతని తప్పు అతనికి చెప్పమంటుంది ఆ వాక్యం. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అని తర్వాతి వరస. మీ ఫాదర్ గారు మంచి మనసుతోనే చేశారు, కానీ చివరి మెట్టు నుంచి మొదలుపెట్టారు. ఊరంతా చూస్తుండగా ఇద్దరు ఆడవాళ్లని పక్కపక్కన కూర్చోబెడితే ఫొటో బాగా వస్తుంది. మీకూ మీ అన్నయ్యకీ మధ్య ఉన్నది అక్కడ తేలదు, ఎందుకంటే ఆయన ఆ కుర్చీల్లో లేడు.

కాబట్టి పవిత్ర గురువారం లోపల ఒక మామూలు రోజు చూసుకుని అన్నయ్య దగ్గరికి వెళ్లండి. ఆదివారం వద్దు, పూజ అయ్యాక గుడి మెట్ల మీద అసలే వద్దు. మీవారిని తీసుకెళ్లకండి, ఉపదేశి (ఊళ్లో ప్రార్థనలు నడిపే ఆయన) గారినీ మరియదళం (మరియమాత భక్త సంఘం) పెద్దలనీ వెంటబెట్టుకోకండి. ఇంట్లో కుదరకపోతే పొలం దగ్గర కలవండి. చెప్పాల్సింది రెండే మాటలు: నువ్వు ఆ రోజు నాకు ఈ మాట ఇచ్చావు, అమ్మ ఏడాది పూజ రోజు నోరు విప్పలేదు. ఏడుపు వస్తే రానివ్వండి, కానీ మాట మార్చకండి. ‘వదిన వల్లే కదా’ అని ఆయన అంటే, వదిన సంగతి నేను వదినతో మాట్లాడుకుంటాను, నీ సంగతి చెప్పు అనండి. ‘నేను నిన్ను క్షమించాను’ అని మాత్రం మీ అంతట మీరు అనకండి. అడగని మనిషికి క్షమాపణ పంచడం అవమానించడమే. ఆయన తప్పు ఒప్పుకుంటే మీ పని సగం తేలికైనట్టే. కసురుకుని పంపేస్తే, మీరు చేయాల్సింది మీరు చేశారు, ఆ తర్వాత కోపం మెల్లగా దానంతటదే దిగుతుంది. ఎందుకంటే అది చేరాల్సిన చోటికి చేరింది.

పొలం మాట ఆ రోజు ఎత్తకండి. అలాగని అది మీది కాదని నేను అనడం లేదు. చాలామంది ఆడవాళ్లకి తెలియదు కాబట్టి చెబుతున్నాను: మన క్రైస్తవులకి వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా తండ్రి పోతే భార్యకి మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకి సమానంగా వస్తాయి. కొడుకు, కూతురు అనే తేడా లేదు. ‘కట్నం ఇచ్చి పంపాం కదా’ అనేది మన ఊళ్లలో పుట్టిన మాట, చట్టంలో లేదు. మీరు సంతకం పెట్టింది రిజిస్టరైన దస్తావేజు మీదా, ఉత్త కాగితం మీదా అన్నది ముఖ్యం. అది ఒక లాయరుకి చూపించండి. చూపించాక అడగాలా వద్దా అన్నది మీ ఇష్టం. హక్కు తెలిసి వదులుకోవడం ఒకటి, తెలియక వదులుకోవడం ఇంకొకటి. క్షమించినంత మాత్రాన లెక్క అడగకూడదని ఎక్కడా లేదు. అడిగితే స్వార్థపరురాలు అంటారని భయపడే ఆడవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక వదిన. మీరే రాశారు, మీ అమ్మ మంచాన ఉన్న మూడేళ్లూ ఆమే చూసిందని. ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. మూడేళ్లు అంటే పక్కబట్టలు మార్చడం, స్నానం చేయించడం, రాత్రుళ్లు లేవడం. ఆ పనిలో మీ వంతు ఎంత అని నేను అడగను, మీకు తెలుసు. అన్ని రోజుల చాకిరీకి ఆమెకి ఎవరైనా థాంక్స్ చెప్పారా? ‘ఇంకా ఏం మిగిలిందని’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు కొంచెం అర్థమవుతుంది. ఆ మాట ఒప్పని నేను అనను. ‘అమ్మని నువ్వు చూసుకున్నావు వదినా, అది నేను మరిచిపోలేదు’ అని ఒక్క మాట మీ నోటి నుంచి రావాలి. దానికి ఆమె బదులు చెప్పినా చెప్పకపోయినా సరే.

అన్నయ్యతో మాట్లాడాక పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి వెళ్లండి. ముందు వెళ్తే మళ్లీ వదిన పేరే చెబుతారు.

అమ్మాయి పెళ్లికి మేనమామ ఉండాలని మీకు ఉంది, రాయకపోయినా తెలుస్తూనే ఉంది. అందుకే ఒక జాగ్రత్త. అన్నయ్యతో మాట్లాడటానికి వెళ్లే రోజు చేతిలో శుభలేఖ ఉండకూడదు. ఉంటే, పెళ్లి పనుల కోసం రాజీకి వచ్చిందనుకుంటాడు, మీరు చెప్పిన రెండు మాటలూ గాలికి పోతాయి. ఈస్టర్ అయ్యాక, మీరూ మీవారూ కలిసి ఇంకోసారి వెళ్లండి. శుభలేఖ మీ వదిన చేతికి ఇవ్వండి.