ప్రభువుతో అనుదిన సహవాసం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను బాప్తిస్మం పొంది చాలాకాలమైంది. ఏడాదిలో బైబిలంతా ముగించే పట్టిక ప్రకారం ప్రతి ఉదయం వాక్యం చదివి, ఆ తరువాత ఒక జాబితా ముందుంచుకొని ప్రార్థిస్తాను. అయినా చదివి లేచేసరికి ఏం చదివానో గుర్తుండదు. ప్రార్థన మధ్యలో మనసు ఇంటి లెక్కల మీదికీ ఆఫీసు పనుల మీదికీ వెళ్ళిపోతుంది. యేసుప్రభువును గురించి చాలా తెలుసు గాని, ఆయనతో ఉన్నాననిపించడం లేదు. ఇంకా ఎక్కువసేపు ప్రార్థించాలా?

జవాబు: సహోదరీ, సమయం పెంచమని నేను చెప్పను. ఇప్పుడున్న పద్ధతిలోనే మరో అరగంట కలిపితే అలసట పెరుగుతుంది, అంతే. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే మీ ఉదయంలో రెండు పనులున్నాయి. చదవడం ఒకటి, అడగడం ఒకటి. ఆ రెండింటికీ మధ్య సంబంధం తెగిపోయింది. ప్రభువు ఒక సంగతి చెబుతుండగా మీరు విని పక్కన పెట్టి, మీ జాబితాలోని మరో సంగతి మొదలుపెడుతున్నారు. ఎవరితోనైనా రోజూ ఇలాగే మాట్లాడితే ఆ పరిచయం ముదరదు.

బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి గనుక, ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదవాలి. గ్రంథమంతటితో పరిచయం కలగడానికి అది మంచి పద్ధతే, దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ వేగంతో చదివేటప్పుడు ఏ మాట దగ్గరా ఆగడానికి వీలుండదు, ఆగితే పట్టిక వెనకబడుతుంది. కాబట్టి కొంతకాలం ఆ పట్టికను సాయంత్రానికి మార్చండి, లేదా పూర్తిగా పక్కన పెట్టండి. ఉదయం మాత్రం సువార్తల్లోనుంచి ఒక్క సంఘటన, పది వచనాలకు మించకుండా తీసుకొని, ప్రార్థనను ఆ వచనాలకు మీరిచ్చే జవాబుగా మొదలుపెట్టండి.

ఒక ఉదాహరణ చూద్దాం. మార్కు సువార్త 10వ అధ్యాయం చివర యెరికో దారిలో గ్రుడ్డి బిచ్చగాడైన బర్తిమయి కనిపిస్తాడు. జనం ఊరుకొమ్మని గద్దించినా అతడు మరింత గట్టిగా కేకలు వేస్తాడు. ప్రభువు ఆగి అతణ్ణి పిలిపిస్తాడు. అతడు పైబట్టను పారవేసి దిగ్గున లేచి వస్తాడు. అప్పుడు ప్రభువు, నేను నీకేమి చేయాలని కోరుతున్నావని అడుగుతాడు. గ్రుడ్డివాడు ఏం కోరతాడో ఎవరికైనా తెలుసు, అయినా ఆయన అడిగాడు. ఇక్కడ ఆగండి. ఇప్పుడు అదే అధ్యాయంలో కొంచెం వెనక్కి, 36వ వచనానికి వెళ్ళండి. జెబెదయి కుమారులైన యాకోబు, యోహాను వచ్చినప్పుడు కూడా ప్రభువు అడిగింది ఇదే ప్రశ్న. వాళ్ళు ఆయన మహిమలో కుడివైపున ఒకరు, ఎడమవైపున ఒకరు కూర్చోవాలని కోరారు, బర్తిమయి చూపు కోరాడు. ఎంతోకాలంగా ఆయనతో తిరిగినవాళ్ళు స్థానం అడిగితే, దారి పక్కనున్నవాడు తనకు లేనిదేదో దాన్ని అడిగాడు.

ఇప్పుడు ఆ ప్రశ్న మీకే వేశాడనుకొని జవాబివ్వండి. మీ చేతిలో ఉన్న జాబితాలో ఏవి యాకోబు, యోహానుల కోరికలు, ఏవి బర్తిమయి కోరికలు? బహుశా మీ జాబితాలో కొన్ని విన్నపాలు అక్కడే ఆగిపోతాయి, లేదా ఇన్నాళ్ళూ రాయడానికి సంకోచించిన ఒక సంగతి బయటికి వస్తుంది. ఆ సంగతిని అలంకారాలు లేకుండా ఆయనతో చెప్పండి. వృత్తాంతం ఎలా ముగిసిందో కూడా గమనించండి. చూపు వచ్చిన బర్తిమయి ఆ దారినే ఆయనను వెంబడించాడు. ఆ దారి యెరూషలేముకు, అంటే సిలువకు పోయేది. కాబట్టి ఆయన మీకు చూపించినదాన్నిబట్టి ఈ రోజు చేయవలసిన పని ఏదైనా ఉంటే, ఒక్కటే ఒక్కటి, అది కూడా ఆ ఉదయమే తేల్చుకొని లేవండి. నా ఆజ్ఞలను గైకొనువాడే నన్ను ప్రేమించువాడని యోహాను సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటను సహవాసం గురించి మాట్లాడేటప్పుడు మనం తరచుగా వదిలేస్తుంటాం. విధేయత లేకుండా కేవలం ధ్యానం వల్లనే దగ్గరతనం కలుగుతుందని ఆయన ఎక్కడా చెప్పలేదు.

మనసు చెదరడం గురించి కూడా అడిగారు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపి, ప్రార్థనకు పేరుపొందిన జార్జి ముల్లర్ గారికి సైతం ఈ బాధ తప్పలేదు. ఏళ్ళ తరబడి ఆయన ఉదయాన్నే నేరుగా ప్రార్థనకు కూర్చునేవారు. మొదటి పది నిమిషాలు, పావుగంట, ఒక్కోసారి అరగంట కూడా మనసు చెదురుతూనే ఉండేదని, ఆ తరువాతే నిజమైన ప్రార్థన మొదలయ్యేదని ఆయనే రాసుకున్నారు. 1841లో ఆయన ఈ వరుసను మార్చి, ముందు వాక్యాన్ని కొద్దికొద్దిగా ధ్యానిస్తూ, దానిలోనుంచే ఒప్పుకోలుకు, స్తుతికి, విన్నపానికి వెళ్ళడం మొదలుపెట్టారు. చెదరడం అనే ఆ బాధ ఇక దాదాపుగా లేకుండా పోయిందని ఆయన సాక్ష్యం. మీకు వెంటనే అంతగా తగ్గకపోవచ్చు. అలాంటప్పుడు మనసు ఎక్కడికి వెళ్ళిందో ఆ సంగతినే ప్రభువు ముందు పెట్టండి. ఇంటి లెక్కలు మాటిమాటికీ అడ్డు వస్తున్నాయంటే, మీ భయం అక్కడే ఉన్నదేమో. దాన్ని దాచిపెట్టి వేరే సంగతులు ప్రార్థించడం కంటే దాన్నే ప్రార్థించడం మేలు.

ప్రశ్న: కొన్ని నెలలుగా ప్రార్థనలో నాకు ఏ అనుభూతీ కలగడం లేదు. కూడికల్లో ఇతరులు కన్నీళ్ళతో ప్రార్థిస్తుంటే నేను రాయిలా కూర్చుంటున్నాను. ప్రభువు నన్ను విడిచిపెట్టాడా?

జవాబు: విడిచిపెట్టలేదు. ఈ మాట మీ అనుభూతిని చూసి చెప్పడం లేదు, నిన్ను ఏమాత్రమును విడువను అన్న ఆయన మాటను చూసి చెబుతున్నాను. 88వ కీర్తన తెరిచి చూడండి. మొదటినుంచి చివరిదాకా మొర తప్ప ఓదార్పు లేదు, అది చీకటితోనే ముగుస్తుంది. అయినా అది దేవునితోనే మాట్లాడుతుంది, దాన్ని దేవుని ప్రజలు తమ ప్రార్థనల గ్రంథంలోనుంచి తీసివేయలేదు. మదర్ థెరిసా 1997లో మరణించారు. ఆమె ఆత్మీయ మార్గదర్శకులకు రాసిన ఉత్తరాలు 2007లో వెలువడినప్పుడు, దశాబ్దాల పాటు ఆమె ఇలాంటి చీకటిలోనే సేవ చేశారని లోకానికి తెలిసింది. కన్నీళ్ళు దేవుని వరమే గాని, అవి సహవాసానికి కొలత కావు. కూడికల్లో మనం వాటిని కొలతగా చేశామని నాకొక అనుమానం.

అయితే కారణం ఏదైనా ఉన్నదేమో పరీక్షించుకోవడం తప్పు కాదు. ఎవరితోనైనా మాటలు మానేసి ఉంటే, అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి ముందు వెళ్ళి సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పినట్టు చేయండి. దాచుకున్న పాపం ఉంటే ఒప్పుకోండి. ఇవేవీ లేకపోతే, లేని తప్పును వెదకి తవ్వుకోవద్దు. ప్రవక్తయైన ఏలీయా బదరీవృక్షం క్రింద చావు కోరుకున్నప్పుడు దేవుడు అతనికి ముందు బోధించలేదు, నిద్రపోనిచ్చాడు, దూత చేత లేపి రొట్టె, నీళ్ళు ఇప్పించాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. హోరేబు కొండ దగ్గర అతనితో మాట్లాడడం ఆ తరువాతి సంగతి. మీకు నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి కూడా పోయి ఉంటే వైద్యుణ్ణి కలవండి, అది అవిశ్వాసం కాదు. ప్రార్థనకు సొంత మాటలు రానప్పుడు ఒక కీర్తన గాని, ప్రభువు నేర్పిన ప్రార్థన గాని నెమ్మదిగా చదివి ముగించండి.

ప్రశ్న: నాది రాత్రి షిఫ్టు. తెల్లవారుజామున ప్రార్థించనివాడు ఆత్మీయంగా ఎదగడని మా సంఘంలో చెబుతున్నారు. నేనేం చేయాలి?

జవాబు: ప్రభువు పెందలకడనే, ఇంకను చాలా చీకటి యుండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్ళి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉన్నమాట నిజమే. కాని 6వ అధ్యాయంలో ఆయన జనాన్ని పంపివేసి, సాయంకాలమవుతుండగా కొండకు వెళ్ళాడు. లూకా 6:12లో రాత్రంతా ప్రార్థనలో గడిపాడు. ఆయన గడియారాన్ని ఆజ్ఞగా ఇవ్వలేదు, ఏకాంతాన్ని మాత్రం వెదుకుతూ వచ్చాడు. షిఫ్టు ముగించి, నిద్రకు ముందు పదిహేను నిమిషాలు ఫోను పక్క గదిలో పెట్టి కూర్చోగలిగితే, అదే మీ ఉదయం. పనిలో ఉండగా వీలు చిక్కినప్పుడు, నిద్రకు ముందు చదివిన ఒక్క వచనాన్ని తలచుకొని ఒక వాక్యంలో ఆయనతో మాట్లాడండి. పదిహేడవ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠం వంటశాలలో పనిచేసిన సహోదరుడు లారెన్స్ ఆ పనుల నడుమనే దేవునితో మాట్లాడడం అలవాటు చేసుకొన్నాడు. ఆదివారం ఆరాధనకు మాత్రం షిఫ్టు మార్చుకోవడానికి ప్రయత్నించండి, ఎందుకంటే ప్రభువు బల్లలో, అంటే సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడంలో, ఒంటరిగా పాలుపొందడం కుదరదు.