టేపు పట్టుకుని రోడ్డెక్కు

అమ్మాయ్,

తిరుపతిలో డెస్కు నుంచి రిపోర్టింగ్‌కు మారావట. ఓ ప్రజాప్రతినిధి బావమరిది చేసిన సీసీ రోడ్ల బిల్లులు నీ చేతికొచ్చాయని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆమెకు టెన్షన్, నీకు హుషారు.

ముందు ఆ కాగితాలు ఇచ్చిన మనిషి సంగతి చూడు. ఇలాంటివి ఊరికే రావు. టెండరు దక్కనివాడో, సొంత పార్టీలోనే పడనివాడో ఇస్తాడు. తీసుకో, తప్పులేదు. కక్షతో ఇచ్చింది కూడా నిజమే కావచ్చు. కానీ అతను దాచుకున్న పేజీ ఒకటి ఉంటుంది, దాన్ని నువ్వే తెచ్చుకోవాలి.

సమాచార హక్కు కింద "రోడ్డు పనుల వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఒక పేజీ పంపి చేతులు దులుపుకుంటారు. ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు అని పేరుపేరునా అడుగు. ఒక్క పని గురించే అడిగావా, సాయంత్రానికే కాంట్రాక్టరుకు ఫోన్ పోతుంది. మండలంలో నాలుగైదు పనులు కలిపి అడుగు. 30 రోజుల్లో జవాబు రాకుంటే అప్పీలు వెయ్యి. పనిని చూడటానికి, సరుకు శాంపిల్ తీసుకోవటానికి కూడా 2005 నాటి ఆ చట్టం హక్కిచ్చింది. మన రిపోర్టర్లలోనే చాలామందికి ఇది తెలీదు.

ఎం-బుక్ వచ్చాక టేపు పట్టుకుని రోడ్డెక్కు. పొడవు, వెడల్పు కొలువు. మందం 150 మిల్లీమీటర్లని రాసుంటే అంచున మట్టి తీసి చూసి సంబరపడకు. అంచుల్లో నిండుగా పోసి, మధ్యలో మట్టి ఎత్తు చేసి కాంక్రీటు మిగుల్చుకునే విద్య ఒకటుంది. అది కోర్ తీస్తేనే, అంటే రోడ్డుకు రంధ్రం వేసి కాంక్రీటు ముక్క బయటికి లాగితేనే బయటపడుతుంది, క్వాలిటీ రిపోర్టు అడగమన్నది అందుకే. రోడ్డు ఎప్పుడు వేశారో ఆ వీధిలో ఇద్దరు ముగ్గుర్ని అడుగు. ఒకే రోడ్డుకు ఉపాధి హామీలో ఓసారి, ఆర్థిక సంఘం నిధుల్లో ఓసారి బిల్లు పెట్టారేమో సరిచూడు.

ఇక నాయకుడి పేరు. ఎన్నికల అఫిడవిట్‌లో తనవి, భార్యవి, తన మీద ఆధారపడినవాళ్లవి ఆస్తులుంటాయి. బావమరిది అందులో కనిపించడు. చుట్టరికం నేరం కాదు. డబ్బు దారి చూపే కాగితం దొరికేదాకా ఆ పేరు రాయకు.

డబ్బు పెట్టిన కవర్ వద్దనడం తేలిక. తిరుపతిలో మనవాళ్లు జారేది దర్శనం లెటర్ దగ్గర. హైదరాబాద్ నుంచి చుట్టాలొస్తారు, బ్రేక్ దర్శనం సిఫార్సు లేఖ కోసం నువ్వు ఎమ్మెల్యే పీఏకి ఫోన్ చేస్తావు, వారం తిరక్కుండా అదే పీఏ నీకు ఫోన్ చేస్తాడు. ఎంత దగ్గరివాళ్లు అడిగినా "మామ వద్దన్నాడు" అని నా మీదికి తోసెయ్. ఇప్పటికే వాళ్ల దృష్టిలో నేను మంచివాణ్ని కాదులే.

వాళ్ల వివరణ ముందే తీసుకో. రాత్రి తొమ్మిదికి ఒక ఫోన్ కొట్టి "అందుబాటులోకి రాలేదు" అని రాయడం దొంగపని. ప్రశ్నలు రాతలో పంపి రెండు రోజులు టైమివ్వు. పరువు నష్టం కేసు పడితే, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలుంది. అక్కడ నిజం రాశానంటే చాలదు, ప్రజల మేలుకే రాశానని కూడా చూపించాలి.

2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లో విలేకరి ముకేశ్ చంద్రాకర్ శవం సెప్టిక్ ట్యాంకులో దొరికింది. అతను బయటపెట్టింది కూడా రోడ్డు పనే. కొలతలకు ఒంటరిగా పోవద్దు, ఎక్కడికి పోతున్నావో డెస్కులో చెప్పిపో. ఈ పేరా మీ అమ్మకు చదివి వినిపించకు. కాగితాలు ఒక సెట్ జిరాక్స్ తీయించి చిత్తూరులో నా దగ్గర పడెయ్.

మీ మామ