పెర్సివల్ కథ సగంలో ఆగింది: పుస్తకం వెనక్కి పంపకండి

పన్నెండో శతాబ్దపు ఫ్రెంచి కవి క్రెతియాన్ ద త్రువా ఆర్థర్ రాజు కాలపు వీరుడి మీద రాసిన కావ్యం ‘పెర్సివల్’ అనువాదం ఉన్నట్టుండి ఆగిపోయిందని, చివరి పేజీలు ఊడిపోయాయేమోనని అడిగారు కదండీ. టెన్షన్ వద్దు, మీ ప్రతి బాగానే ఉంది. మూలమే అక్కడ ఆగింది. లోర్ అనే ఆమె పైనుంచి ఆర్థర్ రాజు సభలో జరిగేది చూసి, కంగారుగా రాణి దగ్గరికి పరిగెత్తుతుంది. ఏమైందని రాణి అడుగుతుంది. అంతే, జవాబు లేదు!

దాదాపు 9,000 పాదాల ఈ కావ్యాన్ని క్రెతియాన్ ఫ్లాండర్స్ ప్రభువు ఫిలిప్ కోసం మొదలుపెట్టాడు. ఆ ఫిలిప్ క్రూసేడ్ అనే మతయుద్ధానికి వెళ్ళి 1191లో ఆక్ర పట్టణం దగ్గర చనిపోయాడు. కవిని మృత్యువే ఆపేసిందని తర్వాతి కవి జెర్బెర్ రాశాడు.

గ్రెయిల్ అనే పవిత్ర పాత్ర ఎవరికోసం అన్న మీ రెండో ప్రశ్నకు మాత్రం జవాబు పుస్తకంలోనే ఉంది. గోవెన్ అనే మరో వీరుడి సాహసాల మధ్యలో, గుడ్ ఫ్రైడే రోజున పెర్సివల్ ఒక సన్యాసిని కలిసే ఘట్టం మళ్ళీ చదవండి. ఆయన పెర్సివల్ మేనమామే. గ్రెయిల్ ఉన్న కోట యజమాని జాలరి రాజు; ఆ రాజు తండ్రికి గ్రెయిల్‌లో వెళ్ళేది ఒకే ఒక్క పవిత్ర అప్పమని ఆయనే చెబుతాడు. గోవెన్ హడావిడిలో ఇది చాలామంది కంటికి ఆనదు.

ముగింపు కావాల్సిందే అంటే, ఇతర కవులు రాసిన నాలుగు కొనసాగింపులున్నాయి. వాటిలో మనెస్సియే రాసినది చూడండి, అందులో పెర్సివల్ రాజవుతాడు. నాకైతే అసలు కవి చేతి ముద్ర అందులో కనిపించలేదు. క్రెతియాన్ మరో కావ్యం ‘లాన్సెలాట్’ సంగతి వేరు: దాని చివరి భాగాన్ని క్రెతియాన్ ఒప్పుకోలుతోనే గోడ్‌ఫ్రువా ద లాన్యీ పూర్తిచేశాడు.