లోపల చూడనివ్వమని అడుగు

అమ్మలూ,

నువ్వు పాత పిన్‌బాల్ మెషిన్, అదే గ్లాసు కింద ఉక్కు బంతిని కొడుతూ స్కోరు పెంచుకునే పెద్ద ఆటబల్ల, కొంటున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అదీ ఎవరో తెలియని వాళ్లింట్లోనట. స్టూలెక్కి ఎంత చేతులు చాపినా బంతిని కొట్టే రెండు ఫ్లిప్పర్ బటన్లూ ఒకేసారి అందక ఏడ్చిన పిల్లవి, ఇప్పుడు సొంతంగా ఒకటి తెచ్చుకుంటావా! నాకెంత సంతోషమైందో, అంత భయమూ వేసింది. నిద్రపట్టక ఇది రాస్తున్నాను.

1992లో బ్యాలీ బ్రాండ్ పేరుతో వచ్చిన ఆడమ్స్ ఫ్యామిలీ అనే పిన్‌బాల్ మెషిన్ మీద మనసు పడ్డావట. మంచిదే ఎంచుకున్నావు. 20 వేలకు పైగా అమ్ముడైన మెషిన్ అది, విడిభాగాలకు వెతుక్కోనక్కర్లేదు. పగటిపూట వెళ్లు. గ్లాసు తీయించి, బంతి పడే గుంటల అంచుల్లో రంగు ఎంత అరిగిందో చూడు. నాలుగైదు ఆటలు ఆడు. పెట్టెలోంచి వచ్చి బంతిని పట్టుకెళ్లే చెయ్యి పనిచేస్తోందా, లేదా? కాయిన్ డోర్, అంటే ముందువైపు నాణేలు వేసే చిన్న తలుపు, లోపలి బటన్లతో టెస్ట్ పెట్టి స్విచ్‌లు, కాయిల్స్, బల్బులు వరసగా చూసుకో.

ఇక నా మొదటి మెషిన్ సంగతి. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

అమ్మింది ఒక పెద్దావిడ. భర్త పోయి ఏడాదైంది. గ్యారేజీలో మెషిన్ మీద ఆయన కప్పిన దుప్పటి అలాగే ఉంది. "ఆయనున్నప్పుడు రోజూ ఆడేవారు బాబూ" అంటూ కళ్లు తుడుచుకుంది. బ్యాక్‌బాక్స్, అంటే వెనకవైపు నిలువుగా ఉండే పెట్టె, తాళంచెవి కనబడటం లేదంది. ప్లగ్ పాయింట్ దూరంగా ఉందంది. అన్నిటికీ తలూపాను. అలాంటి మనిషిని పట్టుకుని లోపల చూపించండి, ఒకసారి ఆన్ చేయండి అని అడగడానికి నోరు రాలేదు. డబ్బు చేతిలో పెట్టి మెషిన్ తెచ్చేశాను.

ఇంటికొచ్చి, ఆవిడిచ్చిన తాళంచెవితో కాయిన్ డోర్ తెరిస్తే, లోపల కొక్కేనికి బ్యాక్‌బాక్స్ తాళంచెవి వేలాడుతోంది. అక్కడే, ఆవిడ ఎదురుగానే ఆ చిన్న తలుపు తీసి ఉంటే దొరికేది.

బ్యాక్‌బాక్స్‌లో మెషిన్‌ని నడిపించే సీపీయూ బోర్డు మీద మూడు పెన్సిల్ బ్యాటరీలు. కరెంటు లేనప్పుడు స్కోర్లూ సెట్టింగులూ చెరిగిపోకుండా కాపాడేవి అవే. ఏడాదిపాటు ఎవరూ మార్చలేదు. కారిన రసం కిందికి పాకి, రాగి గీతల్ని తినేసి, చిప్పుల సాకెట్ల దాకా ఆకుపచ్చ చిలుము పట్టించింది. వెనిగర్‌తో కడిగాను, తెగిన గీతల మీద తీగలు అతికించాను. మూడు నెలలు తంటాలుపడి, చివరికి బోర్డే మార్చాను.

ఈలోగా ఆవిడ ఫోన్ చేసింది. "ఆడుతోందా బాబూ?" అని. ఆడుతోందని చెప్పాను. "ఆ గంటల చప్పుడు ఒకసారి వినిపిస్తావా" అంది. మా ఇంట్లో పిల్లలు పడుకున్నారని ఇంకో అబద్ధం చెప్పాను. మెషిన్ బాగయ్యాక చేస్తే ఆ నంబరు పనిచేయలేదు. నా మొహమాటం ఆవిడకు మేలు చేసిందనుకున్నాను గానీ, ఆ చప్పుడు వినే అవకాశం లేకుండా చేసింది అదే.

అందుకే బ్యాక్‌బాక్స్ తెరవకుండా డబ్బు తీయకు. తీశావని తెలిస్తే మాత్రం నేను ఊరుకోను. బ్యాటరీల చుట్టూ చూడు, గోధుమరంగుకు మాడిన కనెక్టర్లున్నాయేమో చూడు, ఫ్యూజుకి రేకు చుట్టి ఉందేమో చూడు. అవతలివాళ్లు ఏడ్చినా సరే, పక్కన కూర్చుని ఓదార్చి, తర్వాత అడుగు.

ప్లగ్‌కి ఎర్త్ పిన్ విరిగి ఉంటే ముట్టుకోకు. స్కోరు చూపించే ఆ డాట్ డిస్‌ప్లేకి వంద వోల్టులకు పైనే వెళ్తుంది. ప్లగ్ పీకకుండా లోపల వేలు పెట్టావని విన్నానంటే, ఎంత పెద్దదానివైనా చెవి మెలేస్తాను.

తెచ్చేటప్పుడు ముందు బంతులు తీసెయ్. ఒక్కోటి 80 గ్రాముల ఉక్కు, మెషిన్ నిలబెట్టగానే లోపల పడి అన్నీ పగలగొడతాయి. గ్లాసు మూల నేలకు తగిలితే చాలు, మొత్తం పొడి అయిపోతుంది; దుప్పటి మీదే పెట్టు. వంద కిలోలు దాటిన బరువు, ఒక్కదానివీ ఎత్తకు.

వెళ్లే రోజు ముందే చెప్పు, నేనూ వస్తాను. మాటలు నువ్వే మాట్లాడుకో, టార్చి నేను పట్టుకుంటాను. ఇంటికొచ్చి మొదటి ఆట ఆడేటప్పుడు మాత్రం వాళ్లకు ఫోన్ చేసి ఆ చప్పుడు వినిపిద్దాం.

మీ మామయ్య