గిరీశం చెప్పాడని నమ్మేస్తే ఎలా?

పోయిన సంచికలో గురజాడ గురించి రెండు ముక్కలు రాశానో లేదో, ఉత్తరాలే ఉత్తరాలు. అన్నీ ఆయన నాటకం ‘కన్యాశుల్కం’ మీదే. ఈసారికి ఈ నాలుగు.

ప్ర: మేస్టారూ, మా మావగారు టీవీలో వార్తలు చూసిన ప్రతిసారీ ‘మనవాళ్ళొట్టి వెధవాయిలోయ్’ అంటారు. ‘నేనన్నది కాదమ్మా, గురజాడంతటివాడు అన్నాడు’ అంటారు. నిజంగా అది ఆయన అభిప్రాయమేనా? (ఒక కోడలు, రాజమండ్రి)

జ: కాదమ్మా. ఆ మాట నాటకంలో గిరీశం అనే పాత్రది. డబ్బుకి భోజనం పెట్టే పూటకూళ్ళమ్మ దగ్గర డబ్బు తిని, ఊరంతా అప్పులు చేసి, ఇంక అక్కడ నిలవలేక శిష్యుడు వెంకటేశానికి చదువు చెప్తానని వాళ్ళ అగ్రహారానికి జారుకున్న మనిషి మనందర్నీ వెధవాయిలంటున్నాడన్న మాట! గురజాడ చమత్కారం అక్కడుంది. మోసగాడి నోట మహా రుచిగా మాట్లాడిస్తాడు, మనం పకపకా నవ్వి తలూపుతాం, తలూపాక చూసుకుంటే వెంకటేశం పక్కన మనమూ కూర్చుని ఉంటాం. ‘నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్’ అని వాడు ఊరికే అనలేదు.

ఇంకోటి. ‘వెధవ’ అన్న తిట్టు ‘విధవ’ లోంచి వచ్చిందే. వితంతువుల గోస చెప్పే నాటకంలో, వితంతువు బుచ్చమ్మని లేవదీసుకుపోయే మనిషి నోట్లోనే ఆ తిట్టు నానుతూ ఉంటుంది. గురజాడ కావాలనే పెట్టాడో లేదో గానీ, నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా నవ్వు సగంలో ఆగిపోతుంది. మావగారికి ఈ ముక్క భోజనాలయ్యాక చెప్పండి, ముందు మాత్రం వద్దు.

ప్ర: పసిపిల్లల్ని డబ్బుకి అమ్మి పెళ్ళి చెయ్యడం అంత ఎక్కువగా జరిగేదా? నాటకం కోసం పెంచి రాసి ఉంటారు కదా? (డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం)

జ: పెంచడమా! నాయనా, నాటకంలో ఉన్నది తగ్గించినదే. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో పీఠిక రాశాడు, అది చదివావా? విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖ జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళు లెక్క రాయిస్తే 1,034 తేలాయట. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉండగానే బేరాలాడుకున్న సందర్భాలూ ఉన్నాయని అందులోనే రాశాడు.

ఇప్పుడు నాటకం చూడు. అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మని అలాగే ఇచ్చాడు, ఆ పిల్ల విధవై ఇంట్లో కూర్చుంది. అయినా బుద్ధి రాక చిన్నది సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి 1,800 రూపాయలకి కుదిర్చాడు. పెళ్ళాం ఏడ్చినా బావమరిది కాదన్నా ఒకటే మాట, ‘తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి’. ఇవాళ మనం దీన్ని ఆఫీసులో కూడా వాడేసి నవ్వుకుంటున్నాం గానీ అది ఒక పసిదాని మెడకి ఉరి బిగించిన మాట. ఆ లెక్కల కాగితం దగ్గర పెట్టుకుని కూర్చున్నవాడు ఏడుపు నాటకం రాయకుండా జనం పొట్ట పట్టుకునేలా రాశాడు చూడు, నాకు అదే ఎప్పటికీ ఆశ్చర్యం. ఏడిపిస్తే చూసినవాడు నాలుగు కన్నీటి చుక్కలు రాల్చి తన పని అయిపోయిందనుకుంటాడు. నవ్విస్తే, అవధాన్లు మా పెదనాన్నలాగే ఉన్నాడే అని ఇంటికెళ్ళాక గుర్తొస్తుంది.

ప్ర: నాటకంలో అందరికన్నా లోకం తెలిసినవాళ్ళు ఎవరంటారు? మా ఆఫీసులో దీని మీద పెద్ద గొడవే అయింది, నేను గిరీశం అన్నాను. (హైదరాబాద్)

జ: ఓడిపోయారు. వేశ్య మధురవాణి. గిరీశానికి తెలిసింది లోకం కాదు, మాట తిప్పడం. బాల్యవివాహాలు ఉంటేనే కదా చిన్నవయసు వితంతువులు ఉంటారు, వాళ్ళుంటేనే కదా వితంతు వివాహాల సంస్కరణకి అవకాశం అని వాదించగలడు! ఒపీనియన్లు అప్పుడప్పుడు మారుస్తుంటే గానీ పొలిటీషియన్ కాలేమని వాడే అంటాడు. ఎన్నికలొస్తే ఇప్పటికీ ఈ ముక్క అందరి ఫోన్లలో తిరుగుతుంది.

మధురవాణి అలా కాదు. తన దగ్గరికి వచ్చే ప్రతి పెద్దమనిషి విలువెంతో ఆమెకి పైసలతో సహా తెలుసు. సౌజన్యారావు పంతులు వేశ్యల మొహం చూడనని ఒట్టుపెట్టుకున్న వకీలు, చాలా మంచివాడు. మంచివాడే గానీ ఆయన చేతిలో ఉన్న లుబ్ధావధాన్లు కేసు తేలాలంటే చివరికి మగవేషంలో వచ్చిన ఆ వేశ్యే దిక్కయింది. సాయానికి బదులు ముద్దు అడుగుతుంది, ఆయన ఇరుకున పడతాడు, చెడనివాళ్ళని చెడగొట్టొద్దని మా అమ్మ చెప్పింది అంటూ ఆవిడే వదిలేస్తుంది. గిరీశానికి దక్కింది ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’. బుచ్చమ్మ పూనా విడోస్ హోముకి.

చదివితే 1909 నాటి రెండో కూర్పే చదవండి. మొదటిదాన్ని దాదాపు తిరగరాశాడు, మధురవాణి అంత మనిషి అయింది అందులోనే.

ప్ర: ఇక్కడ మా తెలుగు సంఘంలో దీపావళికి ఇరవై నిమిషాల నాటిక వెయ్యాలి. పిల్లలకి తెలుగు అంతంతమాత్రం. కన్యాశుల్కంలో ఏ సీను తీసుకోమంటారు? (డాలస్)

జ: మంచం కింద దాక్కునే సీను. మధురవాణి ఇంట్లో గిరీశం, ఆమె కోసం వచ్చిన రామప్పపంతులు, చీపురుకట్టతో పూటకూళ్ళమ్మ. తెలుగు రాని పిల్లలకైనా చీపురు దెబ్బ అర్థమవుతుంది. గిరీశం ఇంగ్లీషు ముక్కలు మీ పిల్లల నోట బాగానే పలుకుతాయి, యాస మాత్రం తగ్గించమనండి. పూటకూళ్ళమ్మ వేషం సిగ్గుపడే వాళ్ళకి ఇవ్వకండి, ఆవిడ గొంతు లేస్తేనే సీను నిలుస్తుంది. మంచం మాత్రం కాస్త ఎత్తైనది చూసుకోండి, ఇద్దరు పెద్దమనుషులు పట్టాలి.