కంపెనీ స్టీరియో తీయకుండానే సబ్‌వూఫర్

ప్రశ్న: మాది అమలాపురం. కారుతో వచ్చిన టచ్‌స్క్రీన్ స్టీరియోలో బేస్ చాలడం లేదు. ఆంప్లిఫయర్, సబ్‌వూఫర్ పెట్టించాలంటే సెట్ వెనక ఆర్‌సీఏ సాకెట్లు (ఆంప్లిఫయర్‌కు సిగ్నల్ ఇచ్చేవి) లేవని, సెట్టే మార్చాలని షాపులో చెబుతున్నారు. స్టీరింగ్ మీది బటన్లు, రివర్స్ కెమెరా పోతాయేమోనని భయం. వేరే మార్గం ఉందా?

జవాబు: ఉంది. సెట్టు జోలికి వెళ్లకండి. ‘హై లెవెల్ ఇన్‌పుట్’ ఉన్న ఆంప్లిఫయర్ కొంటే చాలు, స్పీకర్లకు వెళ్లే తీగల నుంచే అది సిగ్నల్ తీసుకుంటుంది. ఆ సౌకర్యం లేని ఆంప్ ఇప్పటికే ఇంట్లో ఉంటే మధ్యలో లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ (స్పీకర్ సిగ్నల్‌ను ఆర్‌సీఏ సిగ్నల్‌గా మార్చే పరికరం) పెట్టించండి. తీగలు మాత్రం కోయనివ్వకండి. మీ మోడల్‌కు సరిపోయే టి హార్నెస్ (రెడీమేడ్ తీగల కట్ట) దొరికితే సెట్టుకూ కారు కనెక్టరుకూ మధ్య అది ఇమిడిపోతుంది. రేపు వారంటీ పేచీ వచ్చే అవకాశమూ తగ్గుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఇప్పటి సెట్లలో స్పీకర్ మైనస్ తీగ కూడా కారు బాడీకి కలిసి ఉండదు. సెట్ ఆన్ చేసి, మల్టీమీటర్‌తో స్పీకర్ తీగకూ బాడీకీ మధ్య కొలిస్తే సాధారణంగా 6 వోల్టుల దాకా డీసీ కనిపిస్తుంది. ఆ మైనస్‌ను ఎర్త్ అనుకుని బాడీకి కలిపితే సెట్టులోని ఐసీ (స్పీకర్లను నడిపే చిప్) కాలిపోవచ్చు. మెకానిక్ పని మొదలుపెట్టక ముందే ఈ సంగతి చెప్పండి. అదే వోల్టేజీని పసిగట్టి తనంతట తానే ఆన్ అయ్యే ఆంప్‌లు ఉన్నాయి. మీది అలాంటిది కాకపోతే దాన్ని ఆన్ చేసే రిమోట్ తీగకు తాళం తిప్పితేనే వచ్చే 12 వోల్టుల సప్లై కావాలి.

కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే తీసుకోవాలి. 300 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) ఉన్న, కరెంటు తక్కువ వృథా చేసే క్లాస్ డి రకం ఆంప్ పూర్తి జోరులో సుమారు 27 ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి 8 గేజ్ కేబుల్, 30 ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్లలోపే ఉండాలి. దారిలో కేబుల్ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే మంట రాకుండా ఆపేది అదే. ధర తక్కువని రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అంటగడతారు, వద్దనండి. కోనసీమ తేమకు, తీరం వైపు ఉప్పుగాలికి దాని కొసలు త్వరగా పాడవుతాయి. ఎర్త్, అంటే ఆంప్ మైనస్ తీగను కారు బాడీకి కలిపే విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు బిగించి, పైన గ్రీజు పూయించండి. ఆంప్‌ను సీటు కింద నేలకు ఆనించవద్దు. వానాకాలంలో తడిసిన కార్పెట్ రోజుల తరబడి ఆరదు. డిక్కీ పక్క గోడ మేలు.

కొన్ని కంపెనీ సెట్లు చిన్న స్పీకర్లు దెబ్బతినకుండా వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్‌ను తగ్గిస్తాయి. మీ సెట్ అలా చేస్తుంటే ఆంప్ గెయిన్ (సిగ్నల్ మట్టాన్ని సరిచేసే నాబ్) తిప్పి లాభం లేదు, బేస్‌ను సరిచేసే డీఎస్పీ (డిజిటల్ సౌండ్ ప్రాసెసర్) ఉన్న కన్వర్టర్ కావాలి.

పవర్ కేబుల్ ఒక పక్క నుంచి, సిగ్నల్ తీగలు మరో పక్క నుంచి వేయించండి. పని పూర్తయ్యాక ఇంజిన్ స్టార్ట్ చేసి, పాట ఆపి, యాక్సిలరేటర్ నొక్కుతూ వినండి. ఇంజిన్ వేగంతో పాటు కూత పెరుగుతుంటే ముందుగా ఎర్త్ చూడమనండి. ఆ కూత పోయాకే డబ్బు ఇవ్వండి.